ఐరిష్ ఆటగాడు ఇంగ్లండ్‌లో విదేశీయుడా? తేల్చుకునే పద్ధతి

ప్రీమియర్ లీగ్ చూడటం కొత్తగా మొదలుపెట్టిన ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు ఈ సందేహం వస్తుంది: ఈ జట్టులో విదేశీయులు ఎందరు? ఫ్రెంచివాళ్లు, బ్రెజిల్‌వాళ్లు చకచకా లెక్కకొస్తారు. డబ్లిన్ కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆగుతుంది. ఐపీఎల్‌లో ఈ తంటా లేదు. 2023లో గుజరాత్ టైటన్స్‌కు ఆడిన ఐర్లండ్ బౌలర్ జోష్ లిటిల్ ఓవర్సీస్ ఆటగాడు, తుది జట్టులో అలాంటివాళ్లు నలుగురికి మించకూడదు, అంతటితో సరి. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో అలా ఒకే ఖాతా లేదు. ప్రభుత్వానిది ఒకటి, ఫిఫాది ఒకటి, లీగ్‌ది ఒకటి, రికార్డులు రాసేవాళ్లది మరొకటి. ఒక్కొక్కటీ ఆటగాడిలో ఒక్కో సంగతి చూస్తుంది. అందుకని జవాబు వెతికే ముందు, అడుగుతున్నది ఎవరో తేల్చుకోవాలి.

1. ఏ ఐర్లండో చూడండి

దీవి ఒకటే, ఏలుబడులు రెండు. 1921 విభజనలో ఉత్తరాన ఆరు కౌంటీలు యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఉండిపోయాయి. మిగతా 26 ఇప్పటి రిపబ్లిక్. ఫుట్‌బాల్ సంఘాలూ రెండే: బెల్‌ఫాస్ట్‌లో ఐఎఫ్ఏ, డబ్లిన్‌లో ఎఫ్ఏఐ. అయితే పుట్టిన ఊరు చూసి జట్టు ఊహించారంటే బోల్తా పడతారు. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం ప్రకారం ఉత్తర ఐర్లండ్‌లో పుట్టినవాళ్లు తాము బ్రిటిష్ అనుకోవచ్చు, ఐరిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. డెరీలో పుట్టిన జేమ్స్ మెక్లీన్ ఉత్తర ఐర్లండ్ అండర్-21 జట్టుకు ఆడి, తర్వాత రిపబ్లిక్ జట్టుకు వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఆటగాడి పేరు పక్కన మూడు విషయాలు రాసి పెట్టుకోండి: చేతిలో ఉన్న పాస్‌పోర్టు ఏది, మొదట ఏ క్లబ్బులో నమోదయ్యాడు, ఇంగ్లండ్‌కు ఎన్నో ఏట వచ్చాడు. మిగతా మెట్లన్నీ ఈ మూడింటి మీదే నడుస్తాయి.

2. వీసా సంగతైతే పాస్‌పోర్టు చూడండి

ఇది అన్నిటికన్నా తేలిక. ఐరిష్ పౌరుడికి వీసా అక్కర్లేదు. 1949 ఏప్రిల్‌లో ఐర్లండ్ రిపబ్లిక్ అయి కామన్వెల్త్ నుంచి బయటికి వెళ్లింది. ఆ జూన్‌లోనే బ్రిటిష్ పార్లమెంటు ఐర్లండ్ చట్టం చేసి, తమ చట్టాల దృష్టిలో రిపబ్లిక్ పరాయి దేశం కాదని రాసుకుంది. వేరే దేశమే గానీ పరాయి దేశం కాదన్నమాట! వినడానికి తమాషాగా ఉన్నా, ఆ మాట ఈనాటికీ చెల్లుతోంది. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి నుంచి స్పెయిన్ వాడైనా ఫ్రాన్స్ వాడైనా పాయింట్ల పద్ధతిలో ఫుట్‌బాల్ అసోసియేషన్ ఆమోదం తెచ్చుకుంటే తప్ప ఇంగ్లిష్ క్లబ్బుకు ఆడలేడు. ఐరిష్ పౌరులకు ఆ పాయింట్ల గొడవ లేదు.

పాతకాలంలోనూ ఇంతే. 1931 నుంచి 1978 దాకా విదేశీ ప్రొఫెషనల్ ఇంగ్లండ్‌లో ఆడాలంటే ముందు రెండేళ్లు అక్కడ కాపురం ఉండాలి. ఆ కాలంలోనే, 1971లో, డబ్లిన్ నుంచి లియమ్ బ్రేడీ పదిహేనేళ్లకే ఆర్సెనల్‌లో చేరాడు. అతన్ని ఎవరూ ఆపలేదు.

ఒక్క జాగ్రత్త. ఇక్కడ చూసేది పౌరసత్వాన్ని, క్లబ్బును కాదు. డబ్లిన్ క్లబ్బులో ఆడే బ్రెజిల్ వాడికి ఈ సౌకర్యం వర్తించదు.

3. పద్దెనిమిది నిండిందా?

చట్టం పరాయివాడు కాదన్న కుర్రాణ్ని ఫిఫా గడప దగ్గర నిలబెడుతుంది. పద్దెనిమిది నిండని ఆటగాణ్ని ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బదిలీ చేయకూడదని దాని నియమం. యూరోపియన్ యూనియన్ లోపల మాత్రం పదహారు నుంచే వెళ్లొచ్చు. బ్రిటన్ యూనియన్‌లో ఉన్నంతకాలం ఐరిష్ పిల్లలు ఈ దారినే వచ్చారు. కార్క్ నగరంలోని రింగ్‌మాన్ రేంజర్స్ నుంచి గోల్‌కీపర్ క్వీవీన్ కెల్లెహర్ 2015లో లివర్‌పూల్‌కు వచ్చినప్పుడు అతనికి పదహారే. 2021 జనవరితో ఆ తలుపు మూసుకుపోయింది. సెయింట్ పాట్రిక్స్ అథ్లెటిక్ ఫార్వర్డ్ మేసన్ మీలియాను టాటెన్‌హామ్ 2025 ఫిబ్రవరిలోనే కొనుక్కుంది, కానీ పిల్లవాడు లండన్ రావాల్సింది 2026 జనవరిలో. ఇంత ఆగలేనివాళ్లు ఇప్పుడు ఇటలీ వైపు చూస్తున్నారు. కెవిన్ జెఫీ 2021లో షామ్‌రాక్ రోవర్స్ నుంచి ఇంటర్ మిలాన్‌కు వెళ్లాడు.

అదే బెల్‌ఫాస్ట్ క్లబ్బు కుర్రాడైతే పదహారుకే మాంచెస్టర్ విమానం ఎక్కొచ్చు. ఒకే దేశంలో రెండు సంఘాలుంటే వాటి మధ్య బదిలీకి ఫిఫా మినహాయింపు ఇచ్చింది. బెల్‌ఫాస్ట్‌కూ డబ్లిన్‌కూ మధ్య రైలులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం, కుర్రాడి జీవితంలో రెండేళ్ల తేడా. నాకైతే ఈ నియమాలన్నిటిలోకీ ఇదే బొత్తిగా అర్థం లేనిదనిపిస్తుంది.

4. జట్టు జాబితా అయితే జాతీయతను పక్కన పెట్టండి

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. ప్రీమియర్ లీగ్ జాబితాలో విదేశీయుడు అనే గడే లేదు. 2010-11 సీజన్ నుంచి ఉన్నది హోమ్‌గ్రోన్ అనే గడి. 25 మంది జాబితాలో హోమ్‌గ్రోన్ కానివాళ్లు 17 మందికి మించకూడదు. 21 లోపు వయసువాళ్లు ఈ జాబితాలోకి రారు. హోమ్‌గ్రోన్ అనిపించుకోవాలంటే 21 ఏళ్లు నిండే సీజన్ ముగిసేలోపు ఇంగ్లండ్ లేదా వేల్స్ సంఘాల క్లబ్బుల్లో మూడు సీజన్లు, లేదా 36 నెలలు, నమోదై ఉండాలి. ఏ దేశం వాడివని అడగదు.

దీనివల్ల ఎలాంటి చిత్రాలు జరుగుతాయో చూడండి. సెస్క్ ఫాబ్రెగాస్ స్పెయిన్‌తో ప్రపంచకప్ గెలిచినవాడు. పదహారేళ్లకే ఆర్సెనల్‌కు వచ్చాడు కాబట్టి 2014లో చెల్సీలో చేరినప్పుడు హోమ్‌గ్రోన్. ఆండీ రాబర్ట్‌సన్ స్కాట్లండ్ కెప్టెన్, బ్రిటిష్ పౌరుడు. స్కాటిష్ క్లబ్బుల్లో పెరిగి ఇరవయ్యేళ్లకు హల్ సిటీకి వచ్చాడు కాబట్టి కాదు. షేమస్ కోల్‌మన్ స్లైగో రోవర్స్ నుంచి 60 వేల పౌండ్లకు ఎవర్టన్‌కు వచ్చేనాటికి ఇరవై దాటాడు. ఆ క్లబ్బుకే ఏళ్ల తరబడి ఆడి కెప్టెన్ అయ్యాడు, అయినా ఈ లెక్కలో హోమ్‌గ్రోన్ కాలేడు. పదహారుకే వచ్చిన కెల్లెహర్ అవుతాడు.

మీరే లెక్క కట్టాలంటే: ఆటగాడికి 21 నిండే సీజన్ ఏదో చూసి, దాని చివరి నుంచి 36 నెలలు వెనక్కి లెక్కించండి. ఆ తేదీకి ముందే వచ్చి, నడుమ వేరే దేశపు క్లబ్బుకు పోకుండా ఉంటే సరిపోతుంది. మీలియాకు 2028 సెప్టెంబరులో 21 నిండుతాయి, ఆ సీజన్ 2029 వేసవిలో ముగుస్తుంది. అంటే 2026 వేసవి లోపు రావాలి. జనవరిలో చేరితే గట్టెక్కినట్టే. కానీ పందొమ్మిదిన్నర దాకా సొంత ఊళ్లో ఆడి వచ్చేవాడికి ఈ లెక్క అందదు.

5. రికార్డుల మాటైతే ఎవరు రాశారో చూడండి

1992 ఆగస్టులో ప్రీమియర్ లీగ్ మొదటి వారాంతంలో తుది జట్లలో 13 మందే విదేశీయులు అన్న మాట మీరు చదివే ఉంటారు. అది యూకే, ఐర్లండ్‌ల బయటి నుంచి వచ్చినవాళ్ల సంఖ్య. ఇంగ్లిష్ పత్రికలకు ఇదే అలవాటు. ఎఫ్ఏ కప్ అందుకున్న తొలి విదేశీ కెప్టెన్‌గా 1996 నాటి ఎరిక్ కంతోనా పేరు చెబుతారు. డబ్లిన్ వాడు జానీ కేరీ మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్‌గా అదే కప్పు 1948లో ఎత్తాడు. స్విట్జర్లండ్‌లోని సీఐఈఎస్ పరిశోధకులైతే పెరిగిన సంఘం దాటి ఆడేవాళ్లందర్నీ ప్రవాసులుగా లెక్కిస్తారు. ఆ పట్టికలో స్కాట్లండ్ వాడూ ప్రవాసే. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

కేరీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1947 మేలో గ్లాస్గోలో గ్రేట్ బ్రిటన్, మిగతా ఐరోపా జట్లు తలపడ్డాయి. మిగతా ఐరోపాకు కెప్టెన్ కేరీ. ఎదుటి జట్టు సెంటర్‌హాఫ్ బెల్‌ఫాస్ట్ వాడు జాక్ వెర్నన్. బ్రిటన్ 6-1తో గెలిచింది. రెండేళ్ల తర్వాత, 1949 సెప్టెంబరు 21న, ఎవర్టన్ మైదానం గుడిసన్ పార్కులో కేరీ కెప్టెన్సీలోని ఐర్లండ్ ఇంగ్లండ్‌ను 2-0తో ఓడించింది. ఒక గోల్ కాన్ మార్టిన్‌ది, రెండోది పీటర్ ఫారెల్‌ది. ఫారెల్ ఎవర్టన్ ఆటగాడే, తన సొంత మైదానంలోనే ఇంగ్లండ్‌కు గోల్ కొట్టాడు. ఇంగ్లండ్‌ను వాళ్ల గడ్డమీద తొలిసారి ఓడించిన విదేశీ జట్టు ఏదంటే చాలామంది 1953లో వెంబ్లీలో 6-3తో గెలిచిన హంగరీ అంటారు. ఐరిష్ వాళ్లకు అది ఒళ్లుమంట. గుడిసన్ పార్కు మ్యాచ్ నాటికి, రిపబ్లిక్ పరాయి దేశం కాదన్న ఐర్లండ్ చట్టం వచ్చి మూడు నెలలే. మీరు క్విజ్ ప్రశ్న రాస్తుంటే 'బ్రిటిష్ దీవుల వెలుపలి జట్టు' అని రాయండి, తగువు ఉండదు.

6. పాత ఐరోపా మ్యాచ్‌లకు వేరే కొలత

1991 నుంచి 1996 ఆరంభం దాకా ఐరోపా క్లబ్ పోటీల్లో ముగ్గురు విదేశీయులు, వాళ్లకు తోడు యువజట్ల నుంచే ఆ దేశంలో పెరిగిన మరో ఇద్దరు, అంతవరకే అనుమతి. అక్కడ ఇంగ్లిష్ క్లబ్బుకు ఐరిష్, వెల్ష్, స్కాటిష్ అందరూ బయటివాళ్లే. 1994 నవంబరు 2న బార్సిలోనాలో యునైటెడ్ జట్టులో డెనిస్ ఆర్విన్, రాయ్ కీన్, రయన్ గిగ్స్, మార్క్ హ్యూస్, ఆండ్రే కాంచెల్‌స్కిస్ ఆడారు. ఐదూ నిండాయి. దాంతో డెన్మార్క్ గోల్‌కీపర్ పీటర్ ష్మైకెల్‌ను కూర్చోబెట్టి గ్యారీ వాల్ష్‌ను దింపారు. ఫలితం 0-4. 1995 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన బాస్మన్ తీర్పు ఈ నియమాన్ని కొట్టిపారేసింది.

7. ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్ల దగ్గర తొందరపడకండి

తల్లిదండ్రులు, తాతముత్తాతల వైపు నుంచి ఐర్లండ్‌కు ఆడినవాళ్లు చాలామంది. లివర్‌పూల్‌లో పుట్టిన జాన్ ఆల్డ్రిజ్, బార్న్స్‌లీలో పుట్టిన మిక్ మెకార్తీ అలాంటివాళ్లే. రెండు, మూడు, నాలుగు మెట్లలో వీళ్లు విదేశీయులు కారు. జాతీయ జట్టు చూసి రాసే పట్టికల్లో మాత్రం ఐరిష్. డెక్లన్ రైస్ లండన్ వాడు, 2018లో ఐర్లండ్‌కు మూడు స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడి 2019లో ఇంగ్లండ్‌కు మారాడు. 2024 సెప్టెంబరు 7న డబ్లిన్‌లో ఇంగ్లండ్ 2-0తో గెలిచినప్పుడు మొదటి గోల్ అతనిది, రెండోది ఒకప్పుడు ఐర్లండ్ యువజట్లకు ఆడిన జాక్ గ్రీలిష్‌ది. ఆ రోజు ఇంగ్లండ్ కోచ్ లీ కార్స్‌లీ బర్మింగ్‌హామ్‌లో పుట్టి ఐర్లండ్‌కు 40 మ్యాచ్‌లు ఆడినవాడు. ఇలాంటి పేర్లు వచ్చినప్పుడు మ్యాచ్ తేదీ నాటికి ఏ సీనియర్ జట్టులో ఉన్నాడో అదే రాయండి. యువజట్ల మ్యాచ్‌లను లెక్కలోకి తేకండి.