నొప్పి తగ్గింది సరే, కండ తేరుకుందా?

వ్యాయామంలో కండలు పట్టేయడం గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో నలుగురికీ పనికొచ్చేవి ఏరి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నాను. రెండు వారాల కిందట 1600 మీటర్ల పరుగు చివరి రౌండులో స్పీడు పెంచగానే కుడి తొడ వెనుక ఏదో తెగినట్టయింది. రూంలో వాళ్లు వేడి నూనెతో గట్టిగా మర్దన చేశారు. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్ వేయించుకున్నాను. ఐదో రోజుకి నొప్పి పోయింది. మళ్లీ పరిగెత్తితే అక్కడే పట్టేసింది. రెండు నెలల్లో ఈవెంట్స్ అంటున్నారు. ఆలోగా తగ్గుతుందా? కాలు పట్టేసినా హనుమ విహారి గంటల తరబడి బ్యాటింగ్ చేశాడు కదా, నేనెందుకు పరిగెత్తలేను?
— ఒక అభ్యర్థి, సూర్యాపేట

జవాబు: మీ బెంగ అర్థమైంది. ఏళ్ల తరబడి చదివింది ఒక్క పరుగు దగ్గర ఆగిపోతుందేమోనన్న భయం చిన్నది కాదు. కండ పూర్తిగా తెగిపోకపోతే, ఇవాళ్టి నుంచి పద్ధతిగా నడుచుకుంటే రెండు నెలలు చాలామందికి సరిపోతాయి. మూడోసారి పట్టేస్తే మాత్రం సరిపోవు.

పరుగులో కాలు ముందుకి విసిరాక, పాదం నేలను తాకబోయే క్షణంలో తొడ వెనుక కండ ఒక పక్క సాగుతూనే ఇంకో పక్క బిగిసి ఆ కాలిని నిలవరించాలి. స్పీడు పెరిగేకొద్దీ ఆ భారం పెరుగుతుంది. అందుకే మీకు చివరి రౌండులో, ఒళ్లు అలిసిపోయి ఉన్నప్పుడు పోగులు చిరిగాయి. కొద్ది పోగులే చిరిగితే ఒకటి నుంచి మూడు వారాలు, ఎక్కువ చిరిగితే నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పూర్తిగా తెగితే నెలలు పడుతుంది, ఒక్కోసారి ఆపరేషన్ కావాలి. దెబ్బ తగిలిన రెండు మూడు రోజులకి తొడ వెనుక నీలంగా కమిలి, ఆ నీలం మోకాలి వైపు దిగిందా? కూర్చున్నప్పుడు పిర్ర కింద ఎముక దగ్గర గట్టిగా నొప్పి ఉందా? మడమను వెనక్కి మడవలేకపోతున్నారా? వీటిలో ఏది ఉన్నా ఇంకేమీ చేయకముందే ఎముకల డాక్టర్‌కి చూపించండి. స్కానింగ్ అవసరమో కాదో ఆయన చెబుతారు.

మొదటి రోజుల్లో జరిగినవి చూద్దాం. కొత్తగా చిరిగిన కండలో లోపల రక్తం ఊరుతూ ఉంటుంది. దాన్ని వేడి నూనెతో పిసికితే ఇంకా ఊరుతుంది. నలిగిన తొడ కండను పదే పదే గట్టిగా మర్దిస్తే లోపల ఎముక లాంటి గట్టి పదార్థం పేరుకునే ప్రమాదం కూడా ఉంది. మొదటి రెండు మూడు రోజులు మర్దన, వేడి కాపడం రెండూ వద్దు. ఇంజెక్షన్ నొప్పిని తగ్గించింది, కండను అతకలేదు. నొప్పి కనపడకపోయేసరికి మీరు తేరుకున్నాననుకున్నారు. తొడ పట్టేసి నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది ఇలాగే రెండోసారి పట్టేశాకే వస్తారు. ఒకసారి చిరిగిన చోటే మళ్లీ చిరిగే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ, అందులోనూ తిరిగి పరుగు మొదలెట్టిన తొలి వారాల్లో.

ఇక వైద్యం. పూర్తిగా పడుకోవడం మందు కాదు. కండ పోగులు సరైన దిశలో అతుక్కోవాలంటే వాటికి కొద్దికొద్దిగా పని చెప్పాలి. వెల్లకిలా పడుకుని మోకాలు కాస్త వంచి మడమను నేలకి అదిమి పట్టండి. ఇరవై, ముప్పై సెకన్లు ఉంచి వదలండి. రోజుకి మూడు నాలుగు విడతలు. నొప్పి పదిలో రెండు మూడు మార్కులకి మించకూడదు. అది తేలికయ్యాక మడమలు స్టూలు మీద పెట్టి నడుము పైకెత్తడం, తర్వాత అదే ఒంటికాలితో. ఎడమ కాలితో పన్నెండుసార్లు ఎత్తగలిగితే కుడి కాలితోనూ పన్నెండూ రావాలి. అప్పటిదాకా వేగంగా పరిగెత్తవద్దు. గబగబా నడక నొప్పి లేకుండా సాగితే మెల్లటి జాగింగ్ మొదలెట్టవచ్చు. తర్వాత సగం వేగం, ముప్పాతిక వేగం. పూర్తి వేగం అన్నిటికన్నా చివర. ఒక మెట్టులో ఇవాళ గానీ మర్నాడు పొద్దున గానీ నొప్పి వస్తే ఒక మెట్టు కిందికి దిగండి. మధ్యలో దమ్ము తగ్గిపోతుందన్న బెంగ వద్దు, కాలు నొప్పెట్టకపోతే సైకిల్ తొక్కండి, ఈత వస్తే ఈదండి.

విహారి మాటకొస్తే, 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో తొడ కండ చిరిగాక కూడా 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. అశ్విన్‌తో కలిసి ఓడిపోయే మ్యాచ్‌ను డ్రా చేశాడు. ఆ పట్టుదలకి నేనూ దండం పెడతాను. కానీ ఆ రోజు అతను వికెట్ల మధ్య పరిగెత్తడం దాదాపు మానేసి నిలబడి అడ్డుకున్నాడు. తర్వాతి బ్రిస్బేన్ టెస్టు ఆడలేకపోయాడు. మీకు కావలసింది పరుగే.

ప్రశ్న: జిమ్‌లో చేరాను. మొదటి రోజే ట్రైనర్ వంద గుంజీళ్లు తీయించారు. ఆ రోజు బాగానే ఉంది. రెండో రోజు నుంచి మెట్లు దిగలేను, కుర్చీలోంచి లేవలేను. ల్యాక్టిక్ యాసిడ్ పేరుకుందని, ఇంకా చేస్తే కరిగిపోతుందని అంటున్నారు. నిజమేనా?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: ల్యాక్టిక్ యాసిడ్ పాపం ఏమీ లేదు. వ్యాయామం ఆపిన గంటా గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు పుట్టే నొప్పికి కారణం అలవాటు లేని పనిలో కండ పోగులకి పడిన సూక్ష్మమైన చిరుగులు, వాటి చుట్టూ వచ్చే వాపు. భారం మోస్తూ కండ సాగినప్పుడు ఇది ఎక్కువ. అలిపిరి మెట్ల దారిలో తిరుమలకి ఎక్కి, అదే దారిన నడిచి దిగినవాళ్లని అడగండి. ఎక్కేటప్పుడు ఆయాసం, మర్నాడు తొడల్లో సలుపు మాత్రం దిగినందువల్లే. ఈ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదిరి, వారంలోపు పోతుంది. రెండు తొడల్లోనూ సమంగా ఉండటం దీని గుర్తు. ఒకే చోట, ఫలానా క్షణంలో కలుక్కుమని పట్టేసిందంటే అది వేరు. తేలిగ్గా నడవండి, గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయండి. తగ్గాక ఇరవై గుంజీళ్లతో మొదలెట్టండి. అదే పని రెండోసారి చేసినప్పుడు నొప్పి చాలా తక్కువగా ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంటే, తొడలు వాచి రాయిలా గట్టిపడితే, నీరసంతో వాంతులవుతుంటే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి. దెబ్బతిన్న కండలోంచి పదార్థాలు రక్తంలోకి చేరి కిడ్నీలను పాడుచేస్తాయి. సీపీకే అనే రక్తపరీక్షతో తెలుస్తుంది, వేళకి సెలైన్ ఎక్కిస్తే చాలామంది కోలుకుంటారు. ఇంట్లో నొప్పి బిళ్లలు వేసుకుంటూ కూర్చోవద్దు, అవి కిడ్నీ మీద ఇంకా భారం వేస్తాయి. కొత్తగా చేరినవాళ్లతో తొలిరోజే వందలు తీయించడం తప్పు. ఆ సంగతి మీ ట్రైనర్‌కి మొహమాటం లేకుండా చెప్పండి.

ప్రశ్న: నా వయసు 46. షటిల్ ఆడుతూ ముందుకి దూకగానే వెనకనుంచి ఎవరో పిక్క మీద తన్నినట్టు అనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. పిక్క వాచింది. ఐసు పెట్టాలా, పసుపు సున్నం పట్టు వేయాలా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అంతకన్నా ముందు ఒక పరీక్ష చేసుకోండి. పాదాలు మంచం చివర వేలాడేలా బోర్లా పడుకోండి. ఇంట్లో ఎవరినైనా పిక్కను మధ్యలో పిండమనండి. పాదం దానంతట అదే కదలాలి. కదలకపోతే తెగింది పిక్క కండ కాదు, మడమ పైనున్న స్నాయువు. అది ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టర్ చూడాల్సిన సంగతి. పాదం కదిలినా మునివేళ్ల మీద లేవలేకపోతున్నా చూపించుకోవాల్సిందే. లేవగలిగితే పిక్క లోపలి వైపు కండ కొంత చిరిగి ఉండవచ్చు, మీ వయసు ఆటగాళ్లలో ఇది మామూలే. చెప్పులో మడమ కింద కాస్త ఎత్తు పెట్టుకుంటే నడక సుఖంగా ఉంటుంది.

ఐసు నొప్పికే పనికొస్తుంది. పల్చటి గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు, మొదటి రెండు రోజులు. విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తు మీద పెట్టడం అన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ డాక్టర్ గేబ్ మిర్కిన్, ఐసు కోలుకోవడాన్ని ఆలస్యం చేయవచ్చని తర్వాత తానే చెప్పారు. పసుపు సున్నం చర్మాన్ని కాలుస్తుంది, బొబ్బలెక్కి వచ్చినవాళ్లని చూశాను. వద్దు.

ఆడకుండానే, ముఖ్యంగా దూరప్రయాణం తర్వాతో ఆపరేషన్ తర్వాతో ఒక పిక్క వాచి వేడిగా, ఎర్రగా ఉంటే అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ రోజే డాప్లర్ స్కాన్ చేయించాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి. అలాంటి కాలిని మర్దన చేయడం ప్రాణాపాయం.

ప్రశ్న: వయసు 61. రోజూ గంట నడుస్తాను. నెల నుంచి రెండు తొడలూ బరువుగా నొప్పెడుతున్నాయి. ఆ మధ్యే కొలెస్ట్రాల్ బిళ్లలు మొదలెట్టారు. నడక మానేయనా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: నడక గానీ బిళ్లలు గానీ మీరుగా మానకండి. స్టాటిన్ మందులతో కొందరికి ఇలా రెండు పక్కలా కండల నొప్పి వస్తుంది. రాసిచ్చిన డాక్టర్‌కి చెప్పండి. సీపీకే, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చూసి మోతాదో మందో మారుస్తారు. నడిస్తే పట్టేసి ఆగితే తగ్గుతుంటే కాళ్ల రక్తనాళాలు కూడా చూపించుకోవాలి.

ప్రశ్న: హైస్కూల్లో పీఈటీని. ఆటల పోటీల ముందు పిల్లలకి కండలు పట్టేయకుండా ఏం చేయించాలి?
— ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: వరసలో నిలబెట్టి కాలు సాగదీయించి వెంటనే పరుగుకి పంపడం మన స్కూళ్లలో అలవాటు. కదలకుండా సాగదీయడం వల్ల దెబ్బలు పెద్దగా తగ్గవు. పది, పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి: మెల్లటి పరుగు, మోకాళ్లు ఎత్తుతూ నడక, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, పక్కకి అడుగులు, చివర క్రమంగా వేగం పెంచే రెండు మూడు చిన్న పరుగులు.

తొడ వెనుక కండలకి ఒక్క వ్యాయామమే నేర్పాలంటే నార్డిక్ వ్యాయామం నేర్పండి. మోకాళ్ల కింద మడిచిన దుప్పటి వేసి, ఒకరు మడమలు పట్టుకుంటే ఇంకొకరు మోకాళ్ల నుంచి తలదాకా నిటారుగా ఉంచి వీలైనంత మెల్లగా ముందుకి ఒరగాలి. ఆపలేని చోట చేతులు ఆనించాలి. వారానికి రెండుసార్లు, ఐదేసి చొప్పున రెండు విడతలతో మొదలెట్టండి. దీన్ని క్రమంగా చేసిన క్రీడాకారుల్లో ఈ దెబ్బలు దాదాపు సగం తగ్గాయని అధ్యయనాలు చెబుతున్నాయి. దుప్పటి తప్ప ఖర్చేమీ లేదు. పోటీకి వారం ముందు కొత్తగా మొదలెట్టకండి, రెండో రోజు నొప్పితో పిల్లలు నడవలేరు. పోటీలు ఉన్నాయని తెలిసిన నెలలోనే మొదలెట్టండి.

ఇంకొక్కటి. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలు పరుగు మొదలెట్టగానే గజ్జ దగ్గరో తుంటి ముందో టప్‌మని కూలబడితే దాన్ని కండ పట్టడం అనుకోవద్దు. ఆ వయసులో కండ గట్టిది, అది అతుక్కున్న ఎముక అంచు ఇంకా లేతది. కండ బదులు ఆ ఎముక ముక్కే ఊడివస్తుంది. పిల్లవాడిని నడిపించకుండా ఎత్తుకుని తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి.