ఫ్రిజ్ పడని ఆకుతో ఉపాధి

అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా ముందు ఫీజు కట్టి, తర్వాత ఉద్యోగం వెతుక్కోవడం అలవాటు. మైక్రోగ్రీన్స్‌కు ఈ వరస తిరగేయాలి. ముందు కొనేవాళ్లను చూసుకోండి, ఆ తర్వాతే విత్తనం కొనండి. బేసిల్‌తో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

మైక్రోగ్రీన్స్, మొలకలు ఒకటి కావు. మొలకను గింజతో, వేరుతో సహా తింటాం. మైక్రోగ్రీన్స్‌ను మాత్రం కాడ లేచి, బీజదళాలు విచ్చుకుని, అసలు ఆకు తొంగిచూసే దశలో వేరు వదిలేసి కోస్తారు. 1980లలో శాన్‌ఫ్రాన్సిస్కో చెఫ్‌లు ప్లేటు మీద అలంకరణగా వాడటంతో వీటికి పేరొచ్చింది. 2012లో అమెరికా వ్యవసాయ శాఖ, మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 25 రకాలను పరీక్షించి, ముదురు ఆకుల కన్నా వీటిలో విటమిన్లు సాధారణంగా ఎక్కువని చెప్పాక ఆరోగ్యం పేరుతోనూ గిరాకీ పెరిగింది. బేసిల్ మనకు కొత్త మొక్కేమీ కాదు. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే సబ్జా గింజలు ఈ జాతివే. అయితే పాస్తా, పిజ్జా వంటగదులు అడిగే వాసన జెనోవీస్ రకానిది. కిరాణా కొట్టు సబ్జా చల్లినా మొలుస్తుంది గానీ, ఆ వాసనకు చెఫ్ ఒప్పుకోవడం కష్టం.

బేసిల్ ఆకుకు చలి పడదు. నాలుగైదు డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే నల్లబడుతుంది. శివారు ఫారంలో కోసి, మామూలు కూరగాయల్లాగా చల్లటి పెట్టెల్లో తెచ్చి నాలుగు రోజులు అమ్ముకుందామంటే కుదరదు. అమీర్‌పేట పక్కనే ఉన్న పంజాగుట్టలో పెంచేవాళ్లకు కలిసొచ్చేది ఇక్కడే. బేగంపేట, సోమాజిగూడ, బంజారాహిల్స్ స్టార్ హోటళ్లు పంజాగుట్ట చౌరస్తా నుంచి మూడు నాలుగు కిలోమీటర్ల లోపే ఉన్నాయి. పొద్దున కోసింది మధ్యాహ్నం ప్లేటులో ఉంటుంది. ఇంకా తెలివైన పద్ధతి, కోయకుండా ట్రే ట్రేగా అప్పగించడం. చెఫ్ కావలసినప్పుడు కత్తెరతో కోసుకుంటాడు, ఖాళీ ట్రే మీరు వెనక్కి తెచ్చుకుంటారు. అద్దె ఎక్కువైనా నగరం నడిబొడ్డున పెంచడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదొక్కటే.

ఇక పెంపకం. హైడ్రోపోనిక్స్ అనగానే పైపులు, పంపులు ఊహించుకుని లక్షలు లెక్కేయొద్దు. కింద నీళ్లు నిలిచే ట్రే, పైన రంధ్రాల ట్రే, అందులో పలచగా కోకోపీట్ లేదా జనపనార చాప చాలు. మట్టి ఉండదు, వేర్లు కింది నుంచి నీరు పీల్చుకుంటాయి. బేసిల్ గింజను నానబెట్టకూడదు. తడి తగలగానే చుట్టూ జిగురు పట్టి ముద్దలవుతుంది. పొడి గింజనే పలచగా చల్లి, పైన నీళ్లు పిచికారీ చేసి, మూడు నాలుగు రోజులు మూతపెట్టాలి. మొలిచాక మాత్రం పైనుంచి నీళ్లు పోయొద్దు. గాలి ఆడకపోతే కాడ మొదట్లో కుళ్లి, ట్రే మొత్తం ఒక్క రాత్రిలో వాలిపోతుంది. మందు పట్టించిన రంగు గింజలు పనికిరావు. ముల్లంగి వారంలో చేతికొస్తే బేసిల్‌కు రెండు నుంచి మూడు వారాలు పడుతుంది. కాబట్టి చెయ్యి తిరిగేది ముల్లంగితోనే.

హైదరాబాద్‌లో అసలు పరీక్ష నీళ్లు. బోరు నీళ్లలో, ట్యాంకర్ నీళ్లలో లవణాలు ఎక్కువ. టీడీఎస్ మీటరు, పీహెచ్ మీటరు కొనకుండా పోషక ద్రావణం జోలికి వెళ్లొద్దు. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. రెండోది కరెంటు. ట్రేలు పేర్చే ఒక్కో షెల్ఫ్‌కు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు దాదాపు 17 యూనిట్లు. అది పెద్ద ఖర్చేం కాదు, మే నెలలో గదిని చల్లగా ఉంచడమే ఖర్చు. డబ్బు కుమ్మరించినంత మాత్రాన ఈ లెక్క మారదు. అమెరికాలో ఇలాగే గదుల్లో ఆకుకూరలు పెంచే సంస్థ ఏరోఫామ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. అదే రంగంలో వందల మిలియన్ల డాలర్లు సమీకరించిన బోవరీ 2024 నవంబరులో మూతపడింది.

అందుకే అందరూ యజమానులు కావాలని నేను చెప్పను. ఉద్యోగం కూడా మంచి దారే. మన నగరంలో 2017లో పుట్టిన హైడ్రోపోనిక్స్ సంస్థ అర్బన్ కిసాన్‌ను చూడండి. దాని వ్యవస్థాపకుల్లో విహారి కానుకొల్లుతో పాటు మొక్కల శాస్త్రవేత్త సాయిరామ్ రెడ్డి ఉన్నారు. 2020లో స్టార్టప్‌లకు చేయూతనిచ్చే అమెరికా సంస్థ వై కాంబినేటర్ మద్దతూ దొరికింది. ఇలాంటి సంస్థలకు నారు చూసేవాళ్లు, ద్రావణం కలిపేవాళ్లు, సెన్సర్ల లెక్కలు చదివేవాళ్లు, హోటళ్లతో మాట్లాడేవాళ్లు అందరూ కావాలి. అమీర్‌పేటలో ఐవోటీ, పైథాన్ నేర్చుకుంటున్న ఈసీఈ విద్యార్థి తన ప్రాజెక్టుగా ట్రేల తేమ, వేడి నమోదు చేసే చిన్న పరికరం చేస్తే, ఇంటర్వ్యూలో చూపడానికి నకలు కొట్టని పని ఒకటి చేతిలో ఉంటుంది.

బైపీసీ వాళ్లకు ఎప్‌సెట్ ద్వారా బీఎస్సీ హార్టికల్చర్ ఉంది. ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం దీనికి ప్రధాన చిరునామా. వ్యవసాయ డిగ్రీ, డిప్లొమా ఉన్నవాళ్లు రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ నడిపే అగ్రిక్లినిక్స్ పథకం చూడాలి. 2002 నుంచి ఉన్న ఈ పథకంలో 45 రోజుల శిక్షణ ఉచితం. బ్యాంకు రుణంతో యూనిట్ పెడితే 36 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం రాయితీ ఉంటుంది. రెండ్రోజుల వర్క్‌షాప్‌కు వేలు కట్టేముందు ఈ గడప ఎక్కడం మేలు.

ముల్లంగి ట్రేలు రెండు నమూనాగా పట్టుకుని హోటళ్లకు, కెఫేలకు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య వెళ్లండి. భోజనాల వేళ చెఫ్‌కు తల ఎత్తే తీరిక ఉండదు. వారానికి ఎన్ని ట్రేలు, ఏ రోజు, పాడైతే ఎవరి బాధ్యత, డబ్బు ఎన్నాళ్లకిస్తారు అన్నవి అడిగి రాసుకోండి. పెద్ద హోటళ్లు అరువు అడగడం మామూలే, ఆ వ్యవధికి సరిపడా పెట్టుబడి చేతిలో ఉండాలి. ప్యాక్ చేసి అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ సంగతి ముందే కనుక్కోండి. కనీసం ఇద్దరు ప్రతివారం తీసుకుంటామంటేనే బేసిల్ విత్తనం ఆర్డర్ పెట్టండి.