పాత కచేరీ భవనములలో వేడిమి, చల్లదనముల అదుపు

పైరుపచ్చలను గూర్చి వ్రాయవలసిన యీ పుటలలో కచేరీ గదుల ప్రసంగమేల యని సభ్యులు కొందరు అడుగవచ్చును. సంఘ భవనము మన వాటా సొమ్ముతో కట్టినది. దాని విద్యుచ్ఛక్తి బిల్లు చెల్లించిన పిదపనే మనకు లాభము పంచబడును. కావున నిది మన గొడవయే.

మేమెరిగిన యొక పట్టణమందలి సహకార సంఘమునకు పాత మేడ కలదు. గత వేసవిలో అందలి శీతల యంత్రము చాలుట లేదనియు, రెట్టింపు శక్తి గల క్రొత్తదానిని కొనవలెననియు పాలకవర్గమువారు తీర్మానము సిద్ధపరచి, మమ్ము సలహా యడిగిరి. మేము యంత్రమును చూచుటకు ముందు గదులను చూచితిమి. పడమటి గదిలో గుమాస్తాలు చెమటలు తుడుచుకొనుచుండిరి. తూర్పు గదిలో నొక వృద్ధ గుమాస్తా మెడకు కండువా చుట్టుకొని, చలికి తాళలేక కిటికీ తెరచి కూర్చుండెను! యంత్రమును నడిపించుచు ఆపుచుండు థర్మోస్టాటును ఎవరో ఎండ తగులు పడమటి గోడకు బిగించిరి. మధ్యాహ్నము గోడ కాగినప్పుడు మేడయంతయు కాగుచున్నదని ఆ పరికరము లెక్కవేసి యంత్రమును విరామము లేక నడిపించుచుండెను. తలుపు క్రింద రెండంగుళముల సందు. గట్టునకు ఎలుక బొరియలుండగా పెద్ద మోటారు కొనిన రైతును మన యూళ్లలో నేమందురో వ్రాయనక్కరలేదు.

థర్మోస్టాటు చేయు పని మన మడవ పనియే. మడికి నీరు చాలగానే మడవ కట్టుదుము, ఆరగానే విప్పుదుము. ఈ పరికరము గదికి చల్లదనము చాలగానే యంత్రమును ఆపును, తగ్గగానే మరల నడిపించును. చలిదేశములలో వేడిమి విషయమునను ఇట్లే చేయును. దీని పుట్టుక పాఠశాలలోనే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమునందలి వైట్‌వాటర్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో వారెన్ జాన్సన్ అను బోధకుడుండెను. గది వేడిమి చూచుటకు నౌకరు మాటిమాటికి తరగతిలోనికి వచ్చుట పాఠమునకు భంగముగా నుండెను. అందుచే నాయన విద్యుత్తుతో పనిచేయు గది థర్మోస్టాటును కల్పించి 1883లో పేటెంటు పొందెను.

పాత మేడను బాగుచేయు క్రమమునకు పెద్ద యుదాహరణ న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనము. 1931లో తెరువబడిన యీ 102 అంతస్తుల మేడకు 2009లో మరమ్మతు పథకము ప్రకటించిరి. 6,514 కిటికీల అద్దములను పారవేయక, ఆ మేడలోనే కార్ఖానా పెట్టి, రెండద్దముల నడుమ పలుచని పొర యమర్చి, వాయువు నింపి తిరిగి బిగించిరి. ఆవిరితో గదులను వెచ్చచేయు రేడియేటర్ల వెనుక, వేడి బయటి గోడకు పోక గదివైపునకే మరలునట్లు పలకలు పెట్టిరి. ఇట్లు భారము తగ్గినందున క్రొత్త శీతల యంత్రములు కొనక, ఉన్నవానినే సరిచేసికొనిరి. గదులలోని జనులు విడుచు బొగ్గుపులుసు గాలిని కొలిచి, అవసరమైనంత బయటి గాలినే లోనికి రానిచ్చు ఏర్పాటును చేసిరి. వీనియన్నిటివలన వాడుక నూటికి 38 వంతులు తగ్గునని అంచనా కట్టిరి. మేము సభ్యులకు చూపదలచినది ఆ వరుసయే: ముందు కారుట మాన్పిరి, పిదప అదుపు సరిచేసిరి, యంత్రము జోలికి చివరనే పోయిరి.

వేడి, చలువ రెండును గల మేడలలో నింకొక చిక్కు కలదు. వేడి 20 డిగ్రీల వద్ద ఆగి, చలువ 24 వద్ద మొదలగునట్లు నడుమ ఎడముంచవలెను. ఎడము లేనిచో ఒకటి కాచుచుండగా రెండవది చల్లార్చును. రెండింటి ఖర్చును యజమానిదే. మన ప్రాంతమున వేడి యంత్రముల బెడద లేదు గనుక దీనినింతటితో విడుతుము.

మన కచేరీలకు మీట యెంతకు త్రిప్పవలెననునదే ముఖ్యము. 18కి త్రిప్పినచో గది త్వరగా చల్లబడునని గుమాస్తాల నమ్మకము. సాధారణపు యంత్రమునకు వేగము హెచ్చదు, ఆగుట మాత్రమే ఆలస్యమగును. ఒక్కొక్క డిగ్రీ పెంచినచో విద్యుత్తు నూటికి సుమారు 6 వంతులు మిగులునని భారత ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ చెప్పుచున్నది. 2020 జనవరి నుండి నక్షత్రపు గుర్తు గల గది యంత్రములు 24 డిగ్రీల వద్దనే మొదలగునట్లు నియమము చేయబడినది.

పై సంఘములో థర్మోస్టాటును ఎండ తగులని లోపలి గోడకు, నేలనుండి అయిదడుగుల యెత్తున మార్పించితిమి. తలుపు సందు మూయించి, డాబాకు తెల్లసున్నము వేయించి, సాయంకాలము కచేరీ మూయు వేళకు యంత్రము తానే యాగునట్లు గడియారపు మీట పెట్టించితిమి. మీటకు తాళపుపెట్టె పెట్టించుట గుమాస్తాలకు రుచింపలేదు. కాని పదిమంది చేతులు పడిన మడవ నిలుచునా? వృద్ధ గుమాస్తా మాత్రము కండువా తీసివేసెను.

క్రొత్త యంత్రపు తీర్మానము ప్రస్తుతము వాయిదా పడియున్నది. రాబోవు చైత్ర వైశాఖములలో ప్రతిదినము 10, 1, 4 గంటలకు ప్రతి గదిలోని థర్మామీటరు చూచి, మీటరు అంకెతో కూడ నొక పుస్తకమున వ్రాసియుంచుడని కార్యదర్శిగారికి చెప్పితిమి. ఆ పుస్తకము సర్వసభ్య సమావేశమున బల్లమీద నుంచబడును.