కొలత పరికరముల జ్ఞాపకశక్తి

పాత మల్టీమీటరులో నాబ్ ఉన్న చోటే జ్ఞాపకం. విద్యుత్తు పోయినా అది కదలదు. మైక్రోప్రాసెసరు వచ్చిన పిదప జ్ఞాపకాన్ని వేరుగా దాచవలసి వచ్చింది. హ్యూలెట్ పాకార్డ్ వారి 3478ఎ మల్టీమీటరులో క్రమాంకన విలువలుండే ర్యామ్‌ను 3 వోల్టుల లిథియం బ్యాటరీ ఏళ్ల తరబడి కాపాడుతుంది. అమరిక పోతే మనము మరల పెట్టుకొనవచ్చు. క్రమాంకనం పోతే ప్రమాణాలతో పోల్చి సరిచేయవలసిందే. అందుచేత బ్యాటరీ మార్చునపుడు మరొక 3 వోల్టుల ఆధారాన్ని సమాంతరంగా కలిపి ఉంచడం వివేకం.

ఈఈప్రామ్‌కు బ్యాటరీ అక్కరలేదు. కాని వ్రాతకు హద్దున్నది. పలు రకాలకు అది లక్ష సార్లు. నాబ్ తిప్పినప్పుడెల్లా వ్రాస్తే త్వరగా అరిగిపోతుంది. కావున కొన్ని పరికరాలు విద్యుత్తు పడిపోవడాన్ని గ్రహించి, కెపాసిటర్లలో మిగిలిన శక్తితో, ఆ కొద్ది మిల్లీసెకన్లలోనే చివరి అమరికను వ్రాసుకొంటాయి.