టర్బో యింజనునకు ఇంటర్‌కూలరు ఎప్పుడు వలయును?

సభ్యులలో కొందఱు టర్బో గల యింజనునకు ఇంటర్‌కూలరు తప్పక వలయునా, అది వట్టి ఖర్చేనా యని మమ్ము అడుగుచున్నారు. టర్బో గాలిని ఎంత నొక్కుచున్నదో తెలిసికొననిదే దీనికి జవాబు లేదు.

సైకిలుకు గాలి కొట్టునప్పుడు పంపు అడుగున చేయి పెట్టి చూచినవారికి మొదటి పాఠము వచ్చినట్లే. నొక్కబడిన గాలి వేడెక్కును. టర్బోలో యింజను విడిచిన పొగ ఒక చక్రమును త్రిప్పును. దానితోపాటు తిరుగు రెండవ చక్రము బయటి గాలిని నొక్కి సిలిండరులోనికి పంపును. వేసవిలో 40 డిగ్రీల గాలిని రెండింతలుగా నొక్కినచో అది సుమారు 130 డిగ్రీలకు చేరును. వేడిగాలి పలుచన. దానినే 60 డిగ్రీలకు చల్లార్చినచో, అదే ఒత్తిడిలో ఇంచుమించు అయిదవవంతు అదనపు గాలి పట్టును. ఇంటర్‌కూలరు చేయు పని యింతే.

పెట్రోలు కారున కిది మఱింత ముఖ్యము. గాలి మిక్కిలి వేడియైనచో పెట్రోలు ఆవిరి తనంతట తానే రగిలి, యింజను టకటక కొట్టుకొనును. మేము చూచిన యొక కారునకు స్థానికముగా టర్బో బిగించి, కూలరు మానివేసిరి. ఘాటు రోడ్డు ఎక్కుచుండగా పిస్టనుకు బెజ్జము పడెను. మిగిల్చిన సొమ్ముకంటె మరమ్మతు ఎంతో ఎక్కువయ్యెను. డీజిలు యింజను గాలిని మాత్రమే నొక్కును గనుక ఆ కొట్టుకొనుట ఉండదు. గాని నల్లపొగయు, పొగగొట్టమున వేడియు హెచ్చును.

అదనపు ఒత్తిడి చదరపు అంగుళమునకు 5, 6 పౌండ్లు దాటక, అదియు దారిలో క్షణకాలము మాత్రమే యైనచో కూలరు లేకున్నను గడచును. 10 పౌండ్లు దాటినచో పెట్టించుటే మేలు. ఈ రెంటి నడుమనున్నవారు గేజీని కాక పనిని చూడవలెను. కారు ఒక బండిని దాటుటకు పది సెకనులు శ్రమపడును. రోటవేటరు లాగు ట్రాక్టరు గంటలకొలది శ్రమపడును. సిలిండరులోనికి పోవు గొట్టమున ఉష్ణమాపకము పెట్టించి, పది నిమిషములు బరువు మీద నడిపి చూడుడు. బయటికంటె 20, 30 డిగ్రీలే హెచ్చినచో డబ్బు దాచుకొనవచ్చును. 60 దాటినచో కూలరు వలయును.

కంపెనీయే కూలరు పెట్టిన బండిలో దానిని తీయింపరాదు. లేని డీజిలు బండికి తగిలించినంతనే బలము రాదు. పొగయు వేడియు తగ్గును. బలముకొఱకు డీజిలు పెంచినచో వేడి మరల వచ్చును.

ఊకదుమ్ము పట్టిన కూలరు సరిగా పనిచేయదు. నూర్పిళ్ల కాలమున దినదినము వెనుకనుండి ముందునకు మెల్లగా గాలి ఊదించి, రబ్బరు గొట్టముల బిగింపులు చూచుకొనవలెను. ఈల వంటి చప్పుడును, నల్లపొగయు కలిసి వచ్చినచో మొదట ఆ గొట్టములనే వెదకుడు.