మంచులో పాతిన వెదురు కర్ర

వేసవిలో చెరువు నీరు ఎంత దిగిందో ఎలా చెబుతాం? మెట్టు చూసి చెబుతాం. మొన్న మెట్టు మునిగి ఉంది. ఇవాళ తేలింది. అంటే నీరు తగ్గింది.

కొండ మీద మంచు ఎంత కరిగిందో కూడా ఇలాగే చూస్తారు. మెట్టుకు బదులు వెదురు కర్ర పాతుతారు. కానీ ఆ కర్ర దాకా పోవడమే కష్టం. ఆ కష్టం గురించి చదువుదాం.

మన దేశానికి ఉత్తరాన హిమాచల్ ప్రదేశ్ ఉంది. అక్కడ హిమాలయాల్లో ఛోటా షిగ్రీ అనే మంచునది ఉంది. మంచునదిలో పారేది నీళ్లు కాదు. ఏళ్ల తరబడి కురిసిన మంచు గడ్డకట్టి, తన బరువుకు తానే మెల్లగా కిందికి జారుతూ ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని హిమానీనదం అంటారు. ఛోటా షిగ్రీ పొడవు సుమారు 9 కిలోమీటర్లు. కరిగిన నీరు చంద్రా నదిలో కలుస్తుంది. చంద్రా, భాగా అనే రెండు నదులు కలిస్తే చీనాబ్ నది.

ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం వాళ్లు, ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కలిసి 2002లో ఇక్కడ కర్రలు పాతి కొలవడం మొదలుపెట్టారు.

అక్కడికి బస్సు పోదు. మనాలి ఊరి నుంచి జీపులో రాళ్ల దారిన పోవాలి. తర్వాత చంద్రా నది దాటాలి. చాలా ఏళ్లు ఇనుప తాడుకు వేలాడే తొట్టిలో కూర్చుని దాటారు. కింద మంచునీళ్లు ఉరకలేస్తుంటాయి. నది దాటాక నడకే.

గుడారాలు వేసే చోటు దాదాపు 4,000 మీటర్ల ఎత్తు. తిరుమల గుడి ఉన్న ఎత్తు సుమారు 850 మీటర్లు. నాలుగు తిరుమల కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టినా ఆ ఎత్తు రాదు.

అంత ఎత్తులో గాలి పలచన. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. తల పగిలిపోతుంది. అన్నం సయించదు, వాంతి వస్తుంది. రాత్రి నిద్ర పట్టదు. అందుకే మొదటి రెండు మూడు రోజులు పెద్ద పని పెట్టుకోరు. పగలు కొంచెం పైకి పోయి, రాత్రికి కిందికి వచ్చి పడుకుంటారు. ఒళ్లు మెల్లగా అలవాటు పడుతుంది.

కొందరికి అలవాటు పడదు. కూర్చున్నా ఆయాసం తగ్గదు. నడిస్తే తాగినవాళ్లలా తూలుతారు. మాట తడబడుతుంది. అప్పుడు ఆలోచించడానికి టైము లేదు. వెంటనే కిందికి దింపాలి. అర్ధరాత్రయినా దింపాలి. ఆగితే ప్రాణం పోవచ్చు. మనలో చాలామందికి తలనొప్పి వచ్చినా పైకి చెప్పకుండా పని చేసుకుపోయే అలవాటు. అక్కడ ఆ ఓర్పు పనికిరాదు. ప్రతి ఉదయం ఒకరినొకరు అడగాలి, నిజం చెప్పాలి.

ఇక వంట. మన ఊళ్లో నీళ్లు సుమారు 100 డిగ్రీల వేడికి మరుగుతాయి. అక్కడ 87 డిగ్రీలకే మరుగుతాయి. బుడబుడమని పొంగుతాయి కానీ వేడి చాలదు. గిన్నెలో పప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పోదు. అన్నం పైన మెత్తగా, లోపల బియ్యంగా ఉంటుంది. కుక్కర్‌లో ఆవిరి బయటికి పోదు కాబట్టి వేడి పెరిగి ఉడుకుతుంది. ఆ కుక్కర్ రబ్బరు తెగిందా, ఇక అటుకులు, బిస్కెట్లే గతి! అనుభవం ఉన్న వంటమనిషి ఇంకో రబ్బరు జేబులో పెట్టుకుని వస్తాడు.

తాగే నీళ్లకూ పాట్లే. తెల్లవారేసరికి బిందెలో నీళ్లు గడ్డకడతాయి. తడి బూట్లు కట్టెలా బిగుసుకుపోతాయి. స్నానం మాట మరచిపోవాలి.

చదువుకునే అమ్మాయిలు కూడా ఇలాంటి పరిశోధనలకు పోతున్నారు. గుడారం బయట మరుగు ఉండదు. రాత్రి చలిలో లేచి పోవాలి. అందుకని కొందరు నీళ్లు తాగడం తగ్గిస్తారు. ఈ బాధ మనకు కొత్త కాదు కదా! కానీ అక్కడి పొడి గాలిలో నీళ్లు తాగకపోతే తలనొప్పి, నీరసం ఇంకా పెరుగుతాయి. ముట్టు రోజుల్లోనూ నడక తప్పదు. వాడిన గుడ్డలు, ప్యాడ్లు అక్కడ పారేయకూడదు. సంచిలో కట్టి కిందికి తేవాలి.

మంచు మీద నడక చీకటితోనే మొదలవుతుంది. తెల్లవారుజామున మంచు గట్టిగా ఉంటుంది. ఎండెక్కితే మెత్తబడి కాలు దిగబడుతుంది. మంచులో లోతైన చీలికలుంటాయి. పైన కొత్త మంచు పడి చీలిక కనబడదు. అందుకే అందరూ నడుములకు ఒకే తాడు కట్టుకుని వరసగా నడుస్తారు. ఒకరు జారితే మిగతావాళ్లు ఆపుతారు. నల్ల కళ్లద్దాలు తీయకూడదు. మంచు మీద పడిన ఎండ కళ్లను కాల్చేస్తుంది.

బరువులు మోసేది కూలీలు. వాళ్లలో చాలామంది నేపాల్ నుంచి వస్తారు. గుడారం, గ్యాసు, బియ్యం, వెదురు కర్రలు, అన్నీ వాళ్ల వీపుల మీదే. శాస్త్రవేత్తల పేర్లు పత్రికల్లో వస్తాయి. కూలీల పేర్లు అంతగా కనబడవు. వాళ్లు లేకపోతే ఒక్క కర్ర కూడా పైకి చేరదు.

ఇక అసలు పని. చిన్న బాయిలర్‌లో నీళ్లు మరిగిస్తారు. ఆ ఆవిరిని గొట్టంలోంచి మంచులోకి పంపుతారు. ఇడ్లీ పాత్ర మూత తీస్తే చేయి చురుక్కుమంటుంది కదా, ఆ ఆవిరే మంచును కరిగించి రంధ్రం చేస్తుంది. రెండేసి మీటర్ల వెదురు ముక్కల్ని ఒకదానికొకటి కట్టి, దాదాపు 10 మీటర్ల లోతుకు దించుతారు. ఏడాది తర్వాత వచ్చి చూస్తారు. కర్ర ఎంత బయటికి తేలితే అంత మంచు కరిగినట్టు. కింది భాగంలో ఏడాదికి మూడు నాలుగు మీటర్లు కూడా తేలుతుంది. అంటే రెండు నిలువులు!

పై భాగంలో మంచు కొత్తగా చేరుతుంది. అక్కడ గొయ్యి తవ్వి, మంచును తూకం వేస్తారు. ఎంత చేరింది, ఎంత పోయింది అని లెక్క కడతారు. ఇంట్లో జమాఖర్చు రాసినట్టే. 2002 నుంచి చాలా ఏళ్లు జమ కన్నా ఖర్చే ఎక్కువ. మంచునది అంతటా సగటు చూస్తే ఏడాదికి సుమారు అర మీటరు మందం నీరు తగ్గుతోంది. భూమి వేడెక్కడమే దీనికి ముఖ్య కారణం.

ఈ లెక్క రాయడానికి అక్కడ పెన్ను పనిచేయదు. సిరా బిగుసుకుపోతుంది. పెన్సిల్‌తో రాయాలి. అంకెలు చిన్నవి, చేతి తొడుగు లావు. తొడుగు తీస్తే వేళ్లు కొయ్యబారతాయి. తీయకపోతే పెన్సిల్ పట్టు దొరకదు. ఒకరు కర్ర కొలిచి గట్టిగా చెబుతారు. రెండోవారు రాసుకుని, తిరిగి పైకి చదువుతారు. ఇద్దరి మాటా కలిస్తేనే తర్వాతి కర్ర దగ్గరికి కదులుతారు. గుడారానికి వచ్చి పుస్తకం తెరిస్తే అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, మనం పలక పట్టిన మొదటి వారంలో లాగే. అంకె మాత్రం సరిగ్గా ఉంటుంది.