పంటి వేరులో దాక్కున్న క్రిములను ఎలా చంపుతారు?

మేము ఇద్దరం ఈ హాస్టల్లోనే ఐదో తరగతి నుంచి పదో తరగతి వరకు చదువుకున్నాం. ఇప్పుడు దంత వైద్య విద్య చదివి హౌస్ సర్జన్లుగా పనిచేస్తున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు కవిత రాద్దామా, జ్ఞాపకాలు రాద్దామా అని చాలాసేపు అనుకున్నాం. చివరికి మాకు తెలిసిన పనినే పాఠంలా రాయాలని నిర్ణయించుకున్నాం. అందుకు కారణం మా గదిలో మాతో పాటు ఉన్న ఒక మిత్రుడి పన్ను.

తొమ్మిదో తరగతిలో వాడికి కింది దవడ పన్ను పుచ్చింది. రాత్రిళ్ళు ట్రంకు పెట్టె మీద తల ఆనించి కూర్చునేవాడు. లవంగం పెట్టుకున్నాడు, ఉప్పునీళ్ళు పుక్కిలించాడు, మందుల షాపులో మాత్రలు కొని మింగాడు. ఒకరోజు వాళ్ళ నాన్న కూలి మానుకుని పట్నం తీసుకెళ్ళాడు. డాక్టరు పన్ను తెరిచి, లోపల కడిగి, మందు పెట్టి, పైన తెల్లటి సిమెంటుతో మూసి, వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఎందుకు రావాలో మాత్రం ఎవరూ విడమరచి చెప్పలేదు. రెండో రోజుకే నొప్పి పోయింది. నొప్పే లేనప్పుడు ఇంకో రోజు కూలి ఎందుకు పోగొట్టుకోవాలని వాళ్ళు మళ్ళీ వెళ్ళలేదు. ఆరు నెలలకు దవడ ఉబ్బింది, చీము పట్టింది, పన్ను పీకేశారు. క్వార్టర్లీ లెక్కల పరీక్ష వాడు చెంపకు తువ్వాలు కట్టుకుని రాశాడు.

ఆ వారం రోజుల మందు ఏమిటో, మళ్ళీ ఎందుకు వెళ్ళాల్సి ఉందో మాకు డెంటల్ కాలేజీలో చేరాక గానీ అర్థం కాలేదు. అదే ఇక్కడ చెబుతున్నాం.

పన్నును బయట నుంచి చూస్తే గట్టి రాయిలా ఉంటుంది. పైన ఉండేది పింగాణి పొర. దాని కింద డెంటిన్. అన్నిటికన్నా లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది. రక్తనాళాలు, నరాలు ఉండేది ఆ గుజ్జులోనే. వేరు చివర ఉన్న చిన్న రంధ్రం గుండా అవి ఎముకలోంచి పన్నులోకి వస్తాయి. వేరు లోపల గుజ్జు ఉండే సన్నని దారినే రూట్ కెనాల్, అంటే వేరు నాళం అంటారు. కింది పెద్ద దవడ పన్నుకు మామూలుగా రెండు వేళ్ళు, మూడు నాళాలు ఉంటాయి. పై దవడ పన్నుకు మూడు వేళ్ళున్నా నాళాలు చాలామందిలో నాలుగు ఉంటాయి. ఆ నాలుగోది కనిపించక తప్పిపోతే మిగతా మూడూ ఎంత బాగా కడిగినా పన్ను మళ్ళీ తిరగబెట్టవచ్చు.

ఇక డెంటిన్ కూడా నిండు గోడ కాదు. సూక్ష్మదర్శిని కింద చూస్తే జల్లెడలా ఉంటుంది. గుజ్జు దగ్గర ఒక చదరపు మిల్లీమీటరు చోటులో 45 వేలకు పైగా సన్నని గొట్టాలుంటాయి. ఒక్కొక్కటి సుమారు 2.5 మైక్రాన్ల వెడల్పు. నోటిలోని చాలా క్రిముల వెడల్పు ఒక మైక్రానుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి వాటికి అది రాజమార్గమే. పుప్పి పింగాణిని దాటి, డెంటిన్‌ను దాటి గుజ్జును చేరితే గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి గోడ ఉండడంతో వాపుకు చోటుండదు. ఆ రాత్రి నొప్పి అదే. కొన్నాళ్ళకు గుజ్జు చచ్చిపోతుంది. నరమూ చచ్చిపోతుంది కాబట్టి నొప్పి తగ్గుతుంది. మనవాళ్ళు అప్పుడే "తగ్గిపోయింది" అనుకుంటారు. నిజానికి క్రిములు ఇల్లు కట్టుకోవడం మొదలుపెట్టేది అప్పుడే.

ఇదంతా క్రిముల వల్లనే జరుగుతుందని ఎలా తెలిసింది? 1890లలో విలోబీ మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు బెర్లిన్‌లో పనిచేస్తూ చెడిపోయిన గుజ్జులో క్రిములను చూశాడు. కానీ చూడటం వేరు, రుజువు చేయడం వేరు. 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. కొన్ని ఎలుకలను క్రిములే లేని వాతావరణంలో పెంచారు, కొన్నిటిని మామూలుగా పెంచారు. రెండు రకాల ఎలుకల పళ్ళకూ గుజ్జు బయటపడేలా రంధ్రం చేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్ళి, వేరు చివర చీము పట్టింది. క్రిములు లేని ఎలుకల్లో అన్నం మెతుకుల్లాంటివి ఇరుక్కున్నా గుజ్జు బతికే ఉంది, పైగా కొత్త డెంటిన్‌తో రంధ్రం మూసుకోవడం మొదలుపెట్టింది. మాకు చదువులో బాగా నచ్చిన ప్రయోగాల్లో ఇదొకటి.

అయితే మాత్రలు మింగితే చాలదా అని మీరు అడగవచ్చు. మాత్ర రక్తంలో కలిసి వెళుతుంది. చచ్చిన గుజ్జులోకి రక్తం రాదు. కాబట్టి ఎంత ఖరీదైన యాంటీబయాటిక్ మింగినా అది నాళం లోపలికి చేరదు. వాపు దవడ కిందికి పాకినా, జ్వరం వచ్చినా మాత్రలు కావాలి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే ఒక్క గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అది ప్రాణం మీదికి వచ్చే విషయం. కానీ అప్పుడు కూడా పన్ను లోపలి మూలం తీయకుండా మాత్రలతోనే సరిపెట్టుకుంటే జబ్బు తిరిగి వస్తుంది.

కాబట్టి నాళంలోకి దిగి శుభ్రం చేయాల్సిందే. మొదటి పని ఉమ్మిని లోపలికి రానివ్వకపోవడం. ఇందుకు పన్ను చుట్టూ పలుచని రబ్బరు గుడ్డ తొడుగుతారు. దీన్ని రబ్బర్ డ్యామ్ అంటారు, 1864లో అమెరికాలో శాన్‌ఫర్డ్ బార్నమ్ అనే ఆయన మొదలుపెట్టాడు. ఒక పక్క కడుగుతూ ఇంకో పక్క ఉమ్మి దిగుతుంటే చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. ఇది తొడగకుండా పని కానిచ్చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, మాకు అది నచ్చదు.

తర్వాత ఫైళ్ళు. ఇవి సూదుల్లాంటి సన్నని ఆకురాళ్ళు. 25 నంబరు ఫైలు కొన దగ్గర 0.25 మి.మీ. ఉంటుంది, దాని పిడి ఎర్రగా ఉంటుంది. ఇవి గుజ్జును తీసేస్తాయి, గోడను కొంత గీకి మందుకు దారి వెడల్పు చేస్తాయి. కానీ నాళం గుండ్రటి గొట్టం కాదు. మన వాగులాగా ఒకచోట వెడల్పు, ఒకచోట ఇరుకు, మధ్యలో పాయలు. నాళాలను ఎక్స్‌రే స్కానింగ్‌తో కొలిచి చూసిన పరిశోధకులు 2001లో చెప్పిందేమిటంటే, ఏ రకం ఫైలు వాడినా గోడలో 35 శాతం లేదా అంతకన్నా ఎక్కువ భాగం తాకకుండానే మిగిలిపోతుందని. స్వీడన్‌లో బిస్ట్రోమ్, సుండ్‌క్విస్ట్ 1981లో ఉప్పునీళ్ళతో మాత్రమే కడుగుతూ ఫైళ్ళు వాడి చూశారు. క్రిములు బాగా తగ్గాయి, కానీ చాలా పళ్ళలో పూర్తిగా పోలేదు. రెండేళ్ళ తర్వాత అదే పని 0.5 శాతం హైపోక్లోరైట్‌తో చేస్తే ఫలితం మెరుగైంది. అంటే ఫైలు దారి వేస్తుంది, చంపేది మందు.

ఆ మందు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన హాస్టల్ నీళ్ళ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలపడం మీరంతా చూసే ఉంటారు. అందులో ఉండేది కాల్షియం హైపోక్లోరైట్. నాళాల్లో వాడేది సోడియం హైపోక్లోరైట్, దానికి తమ్ముడి వరస. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలు కుళ్ళి సైనికులు చనిపోతుంటే 1915లో హెన్రీ డాకిన్ అనే రసాయన శాస్త్రవేత్త, అలెక్సిస్ కారెల్ అనే సర్జన్ కలిసి 0.5 శాతం ద్రావణంతో గాయాలు కడిగించారు. తర్వాత అది పళ్ళలోకి వచ్చింది. ఇప్పుడు 0.5 నుంచి 5.25 శాతం వరకు వాడుతున్నారు. దీనికున్న గొప్ప గుణం, క్రిములను చంపడమే కాక చచ్చిన గుజ్జును కూడా కరిగించడం. లోపం కూడా ఉంది. పనిచేస్తూ పనిచేస్తూ అది ఖర్చయిపోతుంది. అందుకే ఒకసారి పోసి ఊరుకోకుండా కొత్తది పోస్తూనే ఉండాలి.

పోయడంలోనే నేర్పంతా ఉంది. పక్కకు రంధ్రమున్న సన్నని సూదిని వేరు చివరికి ఒకటి రెండు మిల్లీమీటర్ల ముందే ఆపి, గోడలకు బిగుసుకోకుండా పైకీ కిందికీ కదుపుతూ మెల్లగా పోయాలి. బలంగా నొక్కితే మందు వేరు దాటి ఎముకలోకి వెళ్ళి భరించలేని నొప్పి, నిమిషాల్లో వాపు వస్తాయి. మరీ మెల్లగా పోస్తే వేరు చివర గాలి బుడగ చిక్కుకుని మందును దిగనివ్వదు. ఆ బుడగ పోవడానికి నాళానికి సరిపడే గట్టాపర్చా పుల్లను లోపల పెట్టి నూతిలో చేద ఆడించినట్టు ఆడిస్తారు. అల్ట్రాసోనిక్ యంత్రం ఉంటే ఇంకా మంచిది, లేకపోతే ఈ పుల్ల కూడా ఎంతో కొంత పని చేస్తుంది. లేజర్లు, ఓజోన్ వంటివి కూడా వచ్చాయి. ఖర్చుకు తగ్గ లాభం వాటితో ఉందని మాకింకా నమ్మకం కుదరలేదు.

ఫైలు గీకినప్పుడు రాలిన పొడి గొట్టాల మూతులకు మెత్తినట్టు అంటుకుంటుంది. 17 శాతం ఈడీటీఏ ద్రావణం ఆ మెత్తును తీసేస్తుంది. కొందరు చివర్లో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ కూడా వాడతారు. అది క్రిములను చంపుతుంది గానీ గుజ్జును కరిగించదు. ఈ రెంటినీ హైపోక్లోరైట్‌తో నేరుగా కలవనివ్వకూడదు. క్లోర్‌హెక్సిడిన్ కలిస్తే గోధుమ రంగు మడ్డి పేరుకుని గొట్టాలను మూసేస్తుంది. మధ్యలో ఉప్పునీటితో కడిగి నాళాన్ని ఆరబెట్టాలి. ప్రాక్టికల్‌లో మాలో ఒకరం ఇది మరిచిపోయి మేడమ్ చేత చీవాట్లు తిన్నాం. అదృష్టవశాత్తు అది పీకేసిన పన్ను.

ఇప్పుడు ఆ వారం రోజుల మందు. అది కాల్షియం హైడ్రాక్సైడ్. అంటే ఏమిటో తెలుసా? మన గోడలకు కొట్టే సున్నం! శుద్ధి చేసి ముద్దగా తయారుచేసింది. 1920లో జర్మనీలో హెర్మన్ అనే ఆయన దీన్ని దంతవైద్యంలోకి తెచ్చాడు. దీని పీహెచ్ సుమారు 12.5. అంత క్షారంలో చాలా క్రిములు బతకలేవు. కానీ ఇది హైపోక్లోరైట్‌లా నిమిషాల్లో చంపదు. మెల్లగా డెంటిన్‌లోకి ఊరాలి, అందుకే వారం, రెండు వారాలు. అంతకు ముందు ఫార్మాలిన్, క్రెసాల్ కలిపిన ఘాటైన మందు పెట్టేవారు. అది క్రిములతో పాటు చుట్టూ ఉన్న కణాలనూ కాల్చేది, ఇప్పుడు నాళాల్లో దాన్ని వాడవద్దంటున్నారు.

సున్నానికీ లొంగని ఘటం ఒకటుంది. ఎంటరోకోకస్ ఫీకాలిస్ అనే క్రిమి. బయట క్షారం పెరిగితే అది ప్రోటాన్లను లోపలికి తోడుకుని బతుకుతుంది. ఒకసారి వైద్యం చేసి మళ్ళీ చెడిపోయిన పళ్ళలో ఇది తరచూ కనిపిస్తుంది.

(ఇది చదివి ఎవరూ తాంబూలం సున్నం, బ్లీచింగ్ పౌడర్ పంట్లో పెట్టుకోకండి. బుగ్గ కాలుతుంది, క్రిమి చావదు.)

తాత్కాలిక సిమెంటు కొన్ని వారాలకు మించి నమ్మదగింది కాదు. అరిగి, అంచుల్లోంచి ఉమ్మి దిగుతుంది, ఉమ్మితో పాటు క్రిములు. మా మిత్రుడి పన్నులో జరిగింది ఇదే. సున్నం కరిగిపోయింది, తలుపు తెరుచుకుంది. రెండోసారి వెళ్ళి ఉంటే నాళాన్ని మళ్ళీ కడిగి, మలయా అడవుల చెట్టు పాలతో చేసే గట్టాపర్చాతో నింపి, పైన గట్టి ఫిల్లింగ్, తొడుగు వేసేవారు.

మరి కూలి పోగొట్టుకుని మూడుసార్లు రాలేనివాళ్ళ మాటేమిటి? కోక్రేన్ సమీక్షల ప్రకారం ఒకే రోజులో పూర్తి చేసినా, రెండు మూడు సార్లుగా చేసినా పన్ను మానడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఒకే రోజైతే మొదటి వారం నొప్పి కొంచెం ఎక్కువ ఉండవచ్చు. చీము కారుతూ నాళం ఆరకపోతే మాత్రం ఆగక తప్పదు. కాబట్టి దూరం నుంచి వచ్చామని, మళ్ళీ రావడం కష్టమని డాక్టరుకు ముందే చెప్పండి. సిగ్గుపడకండి. ఆ మాట వింటే వైద్యుడు ప్రణాళిక మార్చుకోగలడు. మేమైతే ప్రతి రోగినీ ఏ ఊరు, ఏ బస్సు అని అడిగాకే పన్ను తెరుస్తున్నాం.

మొన్న ఆ మిత్రుడే తన చెల్లెల్ని తీసుకుని మా దగ్గరికి వచ్చాడు. తనకూ అదే కింది దవడ పన్ను. మూడు నాళాలు దొరికాయి, కానీ ఒకదాంట్లోంచి చీము ఆగలేదు, సున్నం పెట్టి మూశాం. ఎందుకు మూశామో, ఎందుకు మళ్ళీ రావాలో కాగితం మీద బొమ్మ గీసి ఇద్దరికీ చెప్పాం. వాడు ఆ బొమ్మను మడిచి జేబులో పెట్టుకుని, వచ్చే గురువారం ఉదయం బస్సుకే వస్తామన్నాడు.